క్రిస్మస్ పార్టీకి పండ్ల స్నాక్స్: కొనడం మొదలు వడ్డన దాకా

డిసెంబర్ రాగానే పండ్ల స్నాక్స్ గురించి అడిగేవాళ్లు ఎక్కువవుతారు. ఎవరూ కొత్త వంటకం చెప్పమనరు. వీడియో చూసి అట్లనే చేశాం, ప్లేటు అడుగున నీళ్లు నిలిచాయి అంటారు. చాక్లెట్ పలుకు పలుకుగా అయిందంటారు. అరటి ముక్కలు నల్లబడితే పిల్లలు ముట్టలేదంటారు.

ఇవన్నీ తడి వల్ల, ముందే కోసి పెట్టడం వల్ల వచ్చే తంటాలు. పండు ఎంత పొడిగా ఉంది, ఏ పండును ఏ టైంకి కోశారు అన్నవి కుదిరితే మిగతా పని ఇంట్లో పిల్లలు కూడా చేసేస్తారు. అందుకే ఇక్కడ తయారీ కంటే ముందు పనికే ఎక్కువ చోటు పోయింది.

లెక్కంతా ఇరవై మందికి. పార్టీ సాయంత్రం ఏడింటికి, తర్వాత బిర్యానీ ఉందనుకుందాం. ఓవెన్ అక్కర్లేదు. ఒక ఫ్రిజ్, ఒక ఫ్యాను, ఒక మంచి కత్తి ఉంటే చాలు.

1. ముందు లెక్క తేల్చుకోండి

భోజనం ఉన్న పార్టీలో మనిషికి ఆరేడు ముక్కలకు మించి పోవు. ఇరవై మందికి 130 ముక్కలు. ఐదు రకాలు చేస్తే ప్లేటు నిండుగా కనిపిస్తుంది, చేసేవాళ్ల నడుమూ విరగదు.

- సంత్ర డొప్పల్లో జెల్లీ: 36 ముక్కలు
- చాక్లెట్ పూసిన సంత్ర తొనలు: 40
- పుల్లల మీద శాంటా టోపీలు: 24
- కుడుక అద్దిన ఖర్జూరాలు: 30
- జామ ముక్కల క్రిస్మస్ చెట్టు: ఒక పెద్ద పళ్లెం

మొదటిసారి చేసేవాళ్లయితే టోపీలు వదిలేయండి. చూడ్డానికి బాగుంటాయి కానీ చివరి అరగంటలో చేతులు ఖాళీ లేకుండా చేసేది అవే. వాటి బదులు ఖర్జూరాలు ఇంకో ఇరవై పెంచితే సరి.

వచ్చేవాళ్ల గురించి కూడా ఒక్కసారి ఆలోచించుకోండి. ఐదేళ్లలోపు పిల్లలు ఎంతమంది? పల్లీలు, జీడిపప్పు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? శాకాహారులు ఉన్నారా? చివరిది ఎందుకంటే బయట దొరికే జెల్లీ పొడుల్లో, మార్ష్‌మెల్లోల్లో చాలావరకు జెలాటిన్ ఉంటుంది. అది జంతువుల నుంచి తీసేది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడందే కొనొద్దు.

2. ఏ పండు, ఎట్లాంటిది కొనాలి

పార్టీకి ముందురోజు కొనడం మంచిది. వరంగల్‌లో ఉన్నవాళ్లు పొద్దున్నే లక్ష్మీపురం మార్కెట్‌కు పోగలిగితే ఏరుకోవడానికి సరుకు బాగా ఉంటుంది. వీధి బండి మీద కొన్నా ఇబ్బంది లేదు. కాకపోతే కోసి పెట్టిన ముక్కలు, ఒలిచి కవర్లో కట్టిన దానిమ్మ గింజలు మాత్రం కొనొద్దు. అవి ఎప్పుడు కోశారో, ఏ నీళ్లతో కడిగారో మనకు తెలియదు.

*సంత్ర.* ఈ నెలలో మన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా నాగపూర్ సంత్రాలు. తొక్క వదులుగా ఉంటుంది, తొనలు చిరగకుండా విడిపోతాయి. మన ఐదింటిలో రెండు రకాలు ఈ గుణం మీదే ఆధారపడ్డాయి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు తెలియాలి. తొక్క ఉబ్బి, నొక్కితే లోపల ఖాళీ తగులుతుంటే రసం తక్కువ. బత్తాయి దీనికి పనికిరాదు. దాని తొక్క గట్టిగా అతుక్కుని ఉంటుంది, తొనలు విడదీసేలోపే సగం చిరిగిపోతాయి.

*జామ.* ఆకుపచ్చ నుంచి లేత పసుపుకు తిరుగుతున్న దోరకాయలు తీసుకోండి. పూర్తిగా పండినవి వాసనకు బాగుంటాయి కానీ పళ్లెంలో గంటకే మెత్తబడతాయి.

*స్ట్రాబెర్రీ.* మహాబలేశ్వర్ వైపు నుంచి చలికాలంలో ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తాయి. డబ్బాను పైకెత్తి అడుగు చూడండి. పైవరుస ఎప్పుడూ ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది. అడుగున రసం మరక కనిపించిందంటే కింది పండ్లు చితికినట్టే. దొరక్కపోయినా, ధర మరీ మండిపోతున్నా ఎర్ర తొక్క ఆపిల్‌ను త్రికోణాలుగా కోస్తే టోపీ అయిపోతుంది.

*అంగూర్.* క్రిస్మస్ నాటికి మన వైపు వచ్చే పచ్చ అంగూర్ చాలాసార్లు పుల్లగానే ఉంటుంది. అసలు తీపి జనవరి దాటాకే. ఒకటి నోట్లో వేసుకుని చూశాకే తూకం వేయించుకోండి. పులుపుంటే మానేయండి, దాని బదులు టోపీ కింద జామ ముక్క పెట్టొచ్చు.

*అరటి.* తొక్క మీద మచ్చలు రాకముందువి, తొడిమ దగ్గర కొద్దిగా పచ్చదనం ఉన్నవి కావాలి. చిన్న చక్కెరకేళి రుచికి బాగుంటుంది కానీ పుల్లకు నిలవదు. ఇంటికి తెచ్చాక అరటిపండ్లను మిగతా పండ్లతో కలిపి కవర్లో ఉంచితే అన్నీ తొందరగా పండిపోతాయి, వేరుగా పెట్టండి.

*దానిమ్మ.* నున్నగా గుండ్రంగా ఉన్నదాని కంటే పక్కలు కాస్త పలకలు దేరి బరువుగా ఉన్నది పండినది.

*ఖర్జూరం.* కవరుకు అంటుకుపోయే జిగట రకం కాకుండా, విడివిడిగా ఉండి నొక్కితే మెత్తగా లోపలికి పోయేవి తీసుకోండి.

3. సామాన్ల పట్టీ

పండ్లు:
- సంత్రాలు 12 (పది వాడకానికి, రెండు చేతిలో)
- దోర జామకాయలు 1 కిలో
- స్ట్రాబెర్రీ 200 గ్రాముల డబ్బాలు 2
- అరటిపండ్లు 3
- పచ్చ అంగూర్ పావుకిలో
- దానిమ్మ 2
- మెత్తటి ఖర్జూరాలు 30
- ఆపిల్ 1
- నిమ్మకాయలు 4

కిరాణా:
- చైనా గ్రాస్ (జెల్లీ గట్టిపడేందుకు వేసే సముద్రపు నాచు పదార్థం) 10 గ్రాముల ప్యాకెట్ 1
- డార్క్ కాంపౌండ్ చాక్లెట్ 200 గ్రాములు
- పల్లీలు 100 గ్రాములు
- కుడుకలు 2
- చక్కెర, కొబ్బరినూనె, యాలకులు, జీలకర్ర, నల్లుప్పు, కారం
- గట్టి పెరుగు అర కిలో

వంటింటి సామాను:
- పల్చటి నూలు బట్టలు 3 (ఒకటి పెరుగుకు, రెండు పండ్లు తుడవడానికి)
- బటర్ పేపర్
- టూత్‌పిక్‌లు
- ఒక్క పండ్లకే కేటాయించిన కత్తి, పలక

చివరి సామాను గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. క్రిస్మస్ రోజు అదే వంటింట్లో చికెనో మటనో కోస్తుంటారు. ఆ పలక మీద పండ్లు కోయకూడదు, కడిగినా సరే. మాంసం ఉడుకుతుంది కాబట్టి దానికి భయం లేదు, పండు పచ్చిగా తింటాం. ఉల్లి, ఎల్లిగడ్డ కోసిన పలకా వద్దు. ఆ వాసన జామకు పట్టిందంటే కారం చల్లినా పోదు.

4. ముందురోజు రాత్రి చేయాల్సినవి

పండ్లన్నీ ధారగా పడే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి. సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు. ఆపిల్ మీద మైనం మెరుపు ఉంటే గోరువెచ్చటి నీళ్లతో కడిగి పొడిబట్టతో గట్టిగా తుడవండి. స్ట్రాబెర్రీ, అంగూర్ మాత్రం ఈ రాత్రి కడగొద్దు. తడితో రాత్రంతా ఉంటే పొద్దుటికి బూజు మొదలవుతుంది. వాటిని రేపు మధ్యాహ్నం కడుగుదాం.

కడిగినవి బట్ట మీద పరిచి, ఒకదానికొకటి తగలకుండా ఫ్యాను కింద ఆరనివ్వండి.

పెరుగును బట్టలో మూటగట్టి, జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి నీరంతా దిగి, చెంచా నిలబడేంత గట్టి ముద్ద మిగులుతుంది. టోపీ మీద బొట్టు పెట్టడానికి ఇదే.

దానిమ్మ ఒలిచి, తెల్ల పొరలు ఏరేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. పొర అంటుకోకుండా ఒలిచిన గింజ నీరు విడవదు.

జెల్లీ, ఖర్జూరాలు కూడా ఈ రాత్రే పూర్తవుతాయి. వాటి తయారీ 6, 7లో ఉంది.

5. కోసే వరుస

సగం పని చెడేది ఇక్కడే. మధ్యాహ్నమే అన్నీ కోసి పెట్టేస్తే హాయి అనిపిస్తుంది, ఏడింటికి మాత్రం ప్లేటు చూడబుద్ధి కాదు. పండును బట్టి టైం మారుతుంది.

- ముందురోజు: దానిమ్మ ఒలవడం, ఖర్జూరం గింజలు తీయడం, జెల్లీ పోయడం.
- మధ్యాహ్నం మూడు: సంత్ర తొనలు విడదీయడం. పొర చిరగనంతసేపు తొన పాడవదు, పైగా దానికి ఆరే టైం కావాలి.
- సాయంత్రం ఆరు: జామ కోయడం, జెల్లీ డొప్పలు కోయడం.
- ఆరుంబావు: స్ట్రాబెర్రీ తొడిమలు తీయడం.
- ఆరున్నర: అరటి, ఆపిల్. వీటిని ఇంతకంటే ముందు ముట్టుకోవద్దు.

అరటి, ఆపిల్ ఎందుకు నల్లబడతాయంటే, కోసినప్పుడు లోపలి ఎంజైముకు గాలి తగిలి రంగు మారుతుంది. పులుపు తగిలితే ఆ ఎంజైము మందగిస్తుంది. లీటరు నీళ్లలో రెండు నిమ్మకాయల రసం పిండి, ఆపిల్ ముక్కలను ఐదు నిమిషాలు ఉంచండి. అరటికి ఒక్క నిమిషం చాలు, ఎక్కువసేపు ఉంటే మెత్తబడుతుంది. తీయగానే బట్ట మీద పరిచి అద్దండి. తీసిన ముక్కలను తడితోనే ప్లేట్లో పెట్టేస్తే ఒక తంటా పోయి ఇంకోటి మొదలవుతుంది.

ఆపిల్‌కు నిమ్మ వాసన ఇష్టం లేనివాళ్లు ఉప్పునీళ్లు వాడొచ్చు. గ్లాసు నీళ్లకు అర చెంచా ఉప్పు, ఐదు నిమిషాలు, తర్వాత మంచినీళ్లలో ఒకసారి ముంచి తీయాలి.

6. సంత్ర డొప్పల్లో జెల్లీ

జెలాటిన్ జెల్లీ వెచ్చటి గదిలో జారిపోతుంది. చైనా గ్రాస్‌ది అట్లా కాదు. సముద్రపు నాచు నుంచి తీసిన ఈ పదార్థం గది వేడిలోనే గట్టిపడుతుంది, మళ్లీ మరిగే వేడి దగ్గరికి పోతే తప్ప కరగదు. పార్టీలో రెండు గంటలు బయట ఉండాల్సిన వస్తువుకు ఇదే సరైనది.

1. ఆరు సంత్రాలను అడ్డంగా సగానికి కోయండి. బొటనవేలు తొక్కకూ తొనలకూ మధ్య దూర్చి, చుట్టూ తిప్పుతూ గుజ్జు వదులు చేయండి. తొడిమ వైపు సగంలో నడిమి పీచును లాగొద్దు, కత్తెరతో కత్తిరించండి. లాగితే అడుగున చిల్లు పడుతుంది.
2. ఖాళీ డొప్పలను టీ కప్పుల్లో, చిన్న గిన్నెల్లో నిలబెట్టండి. చిల్లు పడినదాన్ని పారేయకుండా లోపలి నుంచి తొక్క ముక్క అడ్డం పెట్టండి.
3. గుజ్జు నుంచి గింజలు తీసేసి, చేత్తో పిండి వడకట్టండి. 350 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. గింజలతో సహా మిక్సీ పడితే రసం చేదెక్కుతుంది.
4. చైనా గ్రాస్‌ను కత్తెరతో ముక్కలు చేసి 350 మిల్లీలీటర్ల నీళ్లలో అరగంట నానబెట్టండి. అదే నీటితో సన్నటి మంట మీద ఎనిమిది, పది నిమిషాలు మరిగించండి. గరిటె ఎత్తి వెలుతురుకు పెట్టి చూడండి. పోగులు ఏమీ కనిపించకూడదు.
5. ఆరు చెంచాల చక్కెర వేసి కరిగాక మంట ఆపండి. వేడిమీదే వడకట్టండి.
6. సంత్ర రసాన్ని వేరే గిన్నెలో గోరువెచ్చగా చేసి, కలుపుతూ పోయండి.

ఆరో అడుగులో పొరపాటు చేస్తే మిగతాదంతా వృథా. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రసం పోస్తే చైనా గ్రాస్ తగిలిన చోటే గడ్డకట్టి తునకలు తునకలుగా తేలుతుంది. అలాగని రసాన్ని చైనా గ్రాస్‌తో కలిపి మరిగించొద్దు. పులుపుతో కలిసి మరిగితే దాని పట్టు తగ్గుతుంది, రసం కూడా చేదుకు తిరుగుతుంది.

తునకలు తేలితే కంగారు లేదు. మొత్తం మళ్లీ సన్నటి మంట మీద పెట్టి, అవి కరిగేదాకా కలిపి దించేయండి. రుచి కాస్త తగ్గుతుంది, జెల్లీ మాత్రం నిలుస్తుంది.

డొప్పల అంచుదాకా పోయండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. కోసేది రేపు సాయంత్రమే. తడిచేసిన పదునైన కత్తితో ఒక్కో డొప్పను మూడు ముక్కలు చేయాలి. ముందే కోసి ఉంచితే కోసిన చోట నీరు ఊరుతుంది.

ఎరుపు కావాలంటే రసంలో సగం దానిమ్మది కలపండి. అందుకు ఇంకో రెండు దానిమ్మలు తెచ్చుకోవాలి. గింజలను మిక్సీలో ఒకటి రెండు సార్లు తిప్పి ఆపేసి వడకట్టాలి. మెత్తగా రుబ్బితే లోపలి విత్తు నలిగి వగరు వస్తుంది.

7. కుడుక అద్దిన ఖర్జూరాలు

రెండు రోజుల ముందే చేసుకోగలిగేది ఇదొక్కటే. పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, బరకగా దంచండి. రెండు చెంచాల కుడుక తురుము, రెండు యాలకుల పొడి, చెంచా నెయ్యి కలిపితే ముద్ద అవుతుంది.

ఖర్జూరాన్ని ఒక పక్కనే గాటు పెట్టి గింజ తీయండి. ప్రతిదాన్నీ విప్పి లోపల చూడాల్సిందే. నల్లటి పొడి, పురుగు గూడు కనిపిస్తే పక్కన పడేయండి. పల్లీ ముద్ద కూరి, మూసి, కుడుక తురుములో దొర్లించండి. తురుము అంటకపోతే వేళ్లకు నెయ్యి రాసుకుని ఖర్జూరాన్ని ఒకసారి తడమండి. నీళ్లు రాయొద్దు. పల్లీలు పడనివాళ్ల కోసం ఆరేడు ఖర్జూరాల్లో గుమ్మడి గింజలు పెట్టి వేరే ప్లేట్లో ఉంచండి. ఆ ప్లేటుకు వేరే చెంచా వాడండి.

8. చాక్లెట్ పూసిన సంత్ర తొనలు

నాలుగు సంత్రాలు ఒలిచి తొనలు విడదీయండి. తెల్ల పీచు మొత్తం తీసేయాలి. పీచు ఉన్నచోట చాక్లెట్ పట్టదు.

నాగపూర్ సంత్రలో గింజ ఉంటుంది. తొన లోపలి సన్నటి అంచు దగ్గర కత్తెర కొసతో చిన్న గాటు పెట్టి, వెనక నుంచి బొటనవేలితో నొక్కితే గింజ జారి బయటికొస్తుంది. ఆ గాటు వైపు పట్టుకుని, లావుగా వంపు తిరిగిన వీపు వైపునే చాక్లెట్‌లో ముంచుతాం కాబట్టి గాటులో తడి చాక్లెట్ దాకా పోదు.

తొనలను బటర్ పేపర్ మీద ఫ్యాను కింద గంటసేపు వదిలేయండి. వేలితో రాస్తే పై పొర కాగితంలా గరగరలాడాలి. అప్పటిదాకా చాక్లెట్ ప్యాకెట్ విప్పొద్దు.

చాక్లెట్ కరిగించడం:

1. చిన్న గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు మరిగించి మంట ఆపేయండి.
2. దాని మీద కాస్త పెద్ద గిన్నె పెట్టండి. అడుగు నీళ్లకు తగలకూడదు, పక్కల నుంచి ఆవిరి లోపలికి రాకూడదు.
3. తరిగిన చాక్లెట్, ఒక చెంచా కొబ్బరినూనె వేసి రెండు నిమిషాలు ముట్టుకోకండి. తర్వాత పొడి చెంచాతో కలపండి.
4. తొనను సగం దాకా ముంచి, ఎత్తి పట్టుకుని, అదనంగా కారేది కారనిచ్చి బటర్ పేపర్ మీద పెట్టండి.
5. ఆరకముందే చిటికెడు కుడుక తురుము చల్లండి. ఫ్రిజ్‌లో పది నిమిషాలు చాలు.

మామూలు తినే చాక్లెట్ బార్లు కరిగించి పూస్తే మళ్లీ గట్టిపడడానికి మొండికేస్తాయి, పట్టుకుంటే వేళ్లకు అంటుతాయి. కాంపౌండ్ చాక్లెట్‌లో వేరే కొవ్వు ఉంటుంది కాబట్టి తనంతట తాను గట్టిపడుతుంది. రుచిలో కొంచెం తక్కువే. పార్టీ పనికి మాత్రం దాన్ని మించింది లేదు.

చాక్లెట్ ఉన్నట్టుండి ముద్దగా, పలుకుగా మారిందంటే లోపల నీటి చుక్క పడిందన్నమాట. ముందు చెంచా చెంచా వేడి నూనె వేసి గట్టిగా కలపండి. దారికి రాకపోతే పూత పని మానేసి, వేడిపాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. నున్నటి సాస్ అవుతుంది. దాన్ని గిన్నెలో పెట్టి, తొనలు పక్కన పెడితే ఎవరికి వాళ్లు ముంచుకు తింటారు. ఇంట్లోవాళ్లు చెప్తే తప్ప సంగతి ఎవరికీ తెలియదు.

పూత పూసినవి ఫ్రిజ్‌లో గంటల తరబడి ఉంచొద్దు. బయటికి తీయగానే చాక్లెట్ మీద చెమట పడుతుంది.

9. పుల్లల మీద శాంటా టోపీలు

స్ట్రాబెర్రీని తొడిమతోనే కడిగి, బట్టతో అద్ది, తర్వాతే తొడిమ వైపు సమంగా కోయండి. ముందు తొడిమ తీసి కడిగితే లోపలికి నీళ్లు పోతాయి. అరటిని అంగుళంలో సగం మందాన చక్రాలుగా కోసి నిమ్మనీళ్లలో ముంచి అద్దండి.

టూత్‌పిక్‌కు వరుసగా: కింద అంగూర్, మీద అరటి చక్రం, ఆ పైన స్ట్రాబెర్రీ, వెడల్పు భాగం కిందికి. వడకట్టిన పెరుగులో రెండు చెంచాల చక్కెర పొడి కలిపి, పాల కవర్ లాంటి గట్టి కవర్లో వేసి, మూల చిన్నగా కత్తిరించి, కొసన బొట్టు పెట్టండి.

ఐదేళ్లలోపు పిల్లలకు పుల్లలు ఇవ్వొద్దు, గుండ్రటి అంగూర్ కూడా ఇవ్వొద్దు. గొంతులో అడ్డంపడే పండ్లలో అది ముందుంటుంది. నిలువుగా నాలుగు ముక్కలు చేసి గిన్నెలో వేసివ్వండి. దంచని పల్లీలకూ ఇదే జాగ్రత్త.

10. జామ చెట్టు, పక్కన ఉప్పుకారం

పెద్ద పళ్లెంలో జామ ముక్కలను సగం చక్రాలుగా కోసి, కింద వెడల్పుగా, పైకి సన్నగా, ఆకుపచ్చ తొక్క బయటికి కనిపించేట్టు వరుసలు పేర్చండి. మధ్య మధ్య దానిమ్మ గింజలు చల్లండి. కొసన ఆపిల్ నక్షత్రం. అంతే, పదిహేను నిమిషాల పని.

ఉప్పుకారం: ఉప్పు రెండు చెంచాలు, కారం ఒకటి, నల్లుప్పు అర, వేయించి పొడిచేసిన జీలకర్ర అర చెంచా. చపాట మిర్చి కారం దొరికితే అదే వాడండి. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన ఈ వరంగల్ మిరపకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. పిల్లలు కూడా అద్దుకోగలరు.

దీన్ని ముక్కల మీద చల్లొద్దు, చిన్న గిన్నెలో పక్కన పెట్టండి. ఉప్పు తగిలిన పది నిమిషాలకే జామ నీరు వదలడం మొదలుపెడుతుంది. చెట్టు కాస్తా పళ్లెంలో ఈదుతుంది.

11. ఇంకొన్ని పొరపాట్లు, సరిచేసుకునే దారి

పెరుగు చేదైంది. పచ్చి అనాస, బొప్పాయి, కివీ కలిపి ఉంటారు. వాటిలోని ఎంజైములు పాల ప్రొటీన్‌ను విరిచేస్తాయి, అందుకే చేదు. అనాస కావాలంటే చక్కెరతో ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి కలపండి. బొప్పాయిని పెరుగుకు దూరం పెట్టండి.

జెల్లీ గట్టిపడలేదు. చైనా గ్రాస్ పూర్తిగా కరగలేదు, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. మళ్లీ వేడిచేసి, వేరుగా కరిగించిన ఇంకో మూడు గ్రాములు కలిపి పోయండి.

జెల్లీ రబ్బరులా ఉంది. మరిగేటప్పుడు నీరు ఇగిరిపోయింది. కరిగించి, అర గ్లాసు వేడి నీళ్లు కలపండి.

పండు తీపి లేదు. మీద చక్కెర చల్లితే నీరు వదులుతుంది. తేనె గిన్నె పక్కన పెట్టండి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె నాకించొద్దు.

తొనలకు చాక్లెట్ మందంగా పట్టింది. చాక్లెట్ చల్లారింది. అడుగున మళ్లీ వేడినీళ్లు పెట్టండి.

12. వడ్డన

కోసిన పండు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. డిసెంబర్ సాయంత్రానికి ఈ లెక్క సరిపోతుంది. ఇదే మెనూ ఎండాకాలం పుట్టినరోజుకు చేస్తే, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకే తీసేయాలి. అందుకని అన్నీ ఒకేసారి పెట్టకండి. సగం టేబుల్ మీద, సగం ఫ్రిజ్‌లో ఉంచి, మొదటి ప్లేటు ఖాళీ అయ్యాక రెండోది తీయండి. సగం తిన్న ప్లేటు మీద కొత్తవి పోయొద్దు.

చలికి బాపమ్మలు, తాతలు ఫ్రిజ్‌లోంచి తీసిన పండు ముట్టరు. వాళ్లకిచ్చే జామ, ఖర్జూరం ఇరవై నిమిషాల ముందే బయట పెట్టండి.

కాజీపేటలో ఫాతిమా చర్చి ప్రార్థన అయ్యాక ఎవరింటికైనా పట్టుకెళ్లాలనుకుంటే జెల్లీ డొప్పలు, ఖర్జూరాలు తీసుకెళ్లండి. జెల్లీని కోయకుండా సగం డొప్పలుగానే డబ్బాలో పేర్చి, అక్కడికి పోయాక కోసుకోవాలి. టోపీలు బండి మీద నిలబడవు.

13. సమయ పట్టీ

ముందురోజు:
- సరుకు కొనడం, కడగడం, ఆరబెట్టడం
- పెరుగు మూటగట్టడం
- దానిమ్మ ఒలవడం, ఖర్జూరాలు నింపడం
- జెల్లీ పోసి ఫ్రిజ్‌లో పెట్టడం

పార్టీ రోజు:
- 2:00 స్ట్రాబెర్రీ, అంగూర్ కడిగి ఆరబెట్టడం
- 3:00 తొనలు విడదీసి ఫ్యాను కింద పెట్టడం
- 4:30 చాక్లెట్ పూత
- 5:30 ఉప్పుకారం కలపడం, ప్లేట్లు, పుల్లలు సిద్ధం
- 6:00 జామ, జెల్లీ కోయడం
- 6:15 స్ట్రాబెర్రీ
- 6:30 అరటి, ఆపిల్, టోపీలు గుచ్చడం
- 6:50 పెరుగు బొట్లు, చెట్టుకు నక్షత్రం

మిగిలినవాటిలో టేబుల్ మీద పెట్టిన అరటి, స్ట్రాబెర్రీ పారేయాల్సిందే. ఫ్రిజ్‌లోనే ఉండిపోయిన జెల్లీ మూతపెట్టి ఉంచితే రెండు రోజులు బాగుంటుంది, ఖర్జూరాలు వారం ఉంటాయి. ప్లేటెక్కని జామ ముక్కలుంటే మర్నాడు గింజలు తీసి, నూనెలో పచ్చిమిర్చితో మగ్గించి, చింతపండు, ఎల్లిగడ్డ వేసి నూరండి. రాత్రి బిర్యానీ తిన్న కడుపుకు మధ్యాహ్నం వేడన్నంలోకి ఆ పచ్చడి బాగా నప్పుతుంది.